కార్డు మీద ముగ్గురం, ఇంట్లో నలుగురం

మా రేషన్ కార్డు మీద మూడు పేర్లున్నాయి. నాది, పాపది, బాబుది. ఇంట్లో మాత్రం నలుగురం. నాలుగో మనిషి మా ఆయన. ఆయనది నేపాల్, కైలాలి జిల్లా. ఈ మూడు పేర్లు ఎక్కడానికే నాకు ఏడాదిన్నర పైన పట్టింది. హైదరాబాద్‌లో మాలాంటి ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గర, ఫాస్ట్ ఫుడ్ బండ్ల మీద పనిచేసే నేపాలీ వాళ్ళను చేసుకున్న మన అమ్మాయిలు నాకు తెలిసే ముగ్గురున్నారు. అందులో ఒకామె మొన్న ఫోన్ చేసి "అక్కా, నువ్వెట్ల చేయించుకున్నవ్, మొదటి నుంచి చెప్పు" అంది. ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మాది సిరిసిల్ల, పద్మశాలీలం. బాపు మరమగ్గాల మీద పనిచేసేవాడు. పని తగ్గిపోయాక బోరబండకు వచ్చాం. నేను యూసుఫ్‌గూడలో జాకెట్లు కుట్టే షాపులో చేరాను. ఎదురుగా ఉన్న టీ హోటల్లో ఆయన. 2015లో పెళ్ళి చేసుకున్నాం. బాపు రెండు నెలలు మాట్లాడలేదు, తర్వాత ఆయనే వచ్చి తీసుకెళ్ళాడు. ఇప్పుడు మా ఆయన ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్. నెలకు 12 వేలు, సెల్లార్‌లో ఒక గది. ఆ గదిలోనే నా మిషన్. ఫాల్సు, పీకో, జాకెట్లు కుడితే నాకు నెలకు మూడు, మూడున్నర వేలు వస్తాయి.

భర్త విదేశీయుడు అనగానే అందరూ ముందు వీసా గురించి అడుగుతారు. నేపాల్ వాళ్ళకు వీసా అక్కర్లేదు. 1950 జూలై 31న రెండు దేశాల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం వాళ్ళు ఇక్కడ ఉండొచ్చు, పనిచేసుకోవచ్చు. ఇది మంచి విషయమే. కానీ నాకు ఆలస్యంగా అర్థమైంది ఏమిటంటే, వీసా లేకపోతే చేతిలో కాగితం కూడా ఉండదు. వేరే దేశం వాళ్ళను చేసుకున్నవాళ్ళకు పాస్‌పోర్టు, దాని మీద వీసా, విదేశీయుల పేర్లు నమోదు చేసే ఆఫీసులో (ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ) రిజిస్ట్రేషన్ ఉంటాయి. అవన్నీ తిప్పలే, కాదనను. అయినా ఎవరైనా అడిగితే తీసి చూపించడానికి ఒకటుంటుంది. మా ఆయన 2010 నుంచి ఈ ఊళ్ళో ఉన్నాడని చెప్పడానికి మా దగ్గర ఒక్క కాగితమూ లేదు.

మొదట చేసిన మంచి పని పెళ్ళి రిజిస్ట్రేషన్. గుళ్ళో తాళి కట్టిన ఫోటోలు ఎక్కడా పనికి రావని షాపు ఓనరమ్మ చెప్పింది. 2016లో స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నోటీసు ఇచ్చాం. 30 రోజులు ఆ నోటీసు అక్కడ బోర్డు మీద ఉంటుంది. తర్వాత ముగ్గురు సాక్షులతో వెళ్ళి సంతకాలు పెట్టాలి. ఆయనకు ఇంతకుముందు పెళ్ళి కాలేదని వాళ్ళ ఊరి నుంచి కాగితం కావాలన్నారు. ఆయన అన్న పంపించాడు, దానికే రెండు నెలలు పట్టింది. మీరు ఏదైనా ఒక్కటే చేయగలిగితే ముందు ఇదే చేయండి. తర్వాత నా పనులన్నీ ఈ సర్టిఫికెట్ మీదే నడిచాయి.

పాప 2017 సెప్టెంబర్‌లో సర్కారు దవాఖానాలో పుట్టింది. అప్పటికి సర్కారు దవాఖానాలో కన్నవాళ్ళకు డబ్బులిచ్చే కేసీఆర్ కిట్ కొత్తగా వచ్చింది, ఆడపిల్లయితే విడతలుగా 13 వేలు. అక్కడ అడిగింది నా ఆధార్, నా బ్యాంకు ఖాతా. భర్తది ఏ దేశం అని ఎవరూ అడగలేదు. అంగన్‌వాడీ టీచర్ అయితే గేటు దగ్గరికే వచ్చి, నేను చెప్పిన పేరు చెప్పినట్టు రాసుకుని, బాలామృతం ప్యాకెట్టు చేతిలో పెట్టి వెళ్ళింది. 2022లో ఆయనకు అపెండిసైటిస్ నొప్పి వస్తే సర్కారు గాంధీ దవాఖానాకు తీసుకెళ్ళాం. ఓపీ చీటీ మీద పేరు, వయసు, బోరబండ. అంతే. ఆపరేషన్ అయ్యి ఐదో రోజు ఇంటికి తెచ్చుకున్నాను. అందుకే రేషన్ కార్డు కూడా అలాగే అయిపోతుందనుకున్నాను.

కార్డు ఎందుకు అంత ముఖ్యమో ఇక్కడున్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. బియ్యం ఒక్కటే కాదు. ఆరోగ్యశ్రీ దాని మీదే, 500 రూపాయల గ్యాస్ దాని మీదే, 200 యూనిట్ల ఉచిత కరెంటు దాని మీదే. కరెంటు మాకెలాగూ రాదు, సెల్లార్ గదికి వేరే మీటర్ లేదు. మిగతావైనా వస్తే చాలనుకున్నాం. పట్నంలో ఇంటి ఆదాయం ఏడాదికి రెండు లక్షలు దాటకూడదు. ఆయనది 1,44,000, నాది కలిపితే 1,86,000 వరకు వస్తుంది.

నా పేరు అప్పటిదాకా బాపు కార్డులో ఉండేది. చాలా ఏళ్ళు కొత్త కార్డులు లేవు కాబట్టి అలాగే గడిచింది. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా సర్కారు పథకాల కోసం ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నారు కదా, ఆ ఫారంలో రేషన్ కార్డుకు గడి లేదు. తెల్ల కాగితం మీద విడిగా రాసివ్వమన్నారు. చంకలో బాబు, చేతిలో కాగితాలతో మూడు గంటలు లైన్లో నిలబడి ఇచ్చాను.

అందులో నలుగురి పేర్లూ రాశాను. మా ఆయనకు ఆధార్ లేదు కాబట్టి ఆ పక్క ఖాళీ వదిలాను. లైన్లో వెనకున్నామె "ఆధార్ లేకుంటే ఏదీ కాదు" అంది. అక్కణ్ణుంచి ఆధార్ వేట మొదలైంది.

ఆధార్ పౌరులకే ఇస్తారని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. అది నివాసానికి సంబంధించింది. అంతకు ముందు ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉన్న విదేశీయులకూ ఇస్తారు. నేపాల్ వాళ్ళకు అక్కడి పాస్‌పోర్టు ఉంటే సరిపోతుంది. లేకపోతే రెండు కాగితాలు కావాలి. ఒకటి నేపాల్ పౌరసత్వ పత్రం. రెండోది ఇక్కడి నేపాల్ ఎంబసీ ఇచ్చే ఫోటో గుర్తింపు పత్రం.

పౌరసత్వ పత్రాన్ని నేపాలీలో 'నాగరికతా ప్రమాణపత్ర' అంటారు. హిందీలాంటి అక్షరాలే, కూడబలుక్కుంటే చదవొచ్చు. జిరాక్స్ తీసుకుని ఫారం నింపించడానికి ఒక సెంటర్‌కు వెళ్ళాను. అక్కడున్న అబ్బాయి అది చదివి, "నాగరికత అంటే మనకు వేరే కదా అక్కా, ఇదేం సర్టిఫికెట్?" అన్నాడు. పౌరసత్వాన్ని వాళ్ళు అలాగే అంటారని చెప్పాను. తర్వాత పుట్టిన తేదీ దగ్గర ఆగిపోయాడు. అక్కడ 2046 అని ఉంది. "ఇది తప్పు కాగితం అక్కా, ఈ సంవత్సరం ఇంకా రానే లేదు" అని పక్కన పెట్టేశాడు. వాళ్ళు విక్రమ సంవత్సరం రాస్తారు, మనకన్నా దాదాపు 57 ఏళ్ళు ముందుంటుంది. అది మాకు ఇంట్లో తెలుసు, ఆయన పుట్టింది 1989లో అని కూడా తెలుసు. కానీ కంప్యూటర్ 2046 తీసుకోదు. రెండుసార్లు తిరిగొచ్చాం. మూడోసారి మా ఆయన వచ్చి, అసలు కాగితం చేతిలోకి తీసుకుని తిరగేసి చూపించాడు. వెనకవైపు ఇంగ్లీషులో పేరు, ఊరు, మన తేదీ అన్నీ ఉన్నాయి. నేను ముందువైపు మాత్రమే జిరాక్స్ తీయిస్తూ వచ్చాను. ఇంట్లో ట్రంకు పెట్టెలో తొమ్మిదేళ్ళుగా ఉన్న కాగితాన్ని ఒక్కసారీ తిప్పి చూడలేదు.

ఎంబసీ పత్రానికి ఢిల్లీ వెళ్ళక తప్పలేదు. నాంపల్లిలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళాడు. ఎంబసీ బారాఖంబా రోడ్డులో ఉంది. పోనురాను, అక్కడ ఆగడం కలిపి ఆరు రోజులు. ఆ ఆరు రాత్రులూ గేటు దగ్గర బాపు కూర్చున్నాడు. పెళ్ళప్పుడు రెండు నెలలు మాట్లాడని మనిషి, అరవై ఏళ్ళు దాటాక అల్లుడి టోపీ పెట్టుకుని ప్రతి కారుకూ లేచి గేటు తీశాడు. నేను తెల్లారి చాయ్ తీసుకెళ్తే "వాడు ఇట్లనే కూసుంటడా బిడ్డా రోజూ" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

పత్రం వచ్చాక ఆధార్ సేవా కేంద్రంలో పని అయింది. నేపాల్ వాళ్ళ ఆధార్‌కు పదేళ్ళ గడువు ఉంటుంది, తర్వాత మళ్ళీ చేయించుకోవాలి. కార్డు ఇంటికి వచ్చిన రోజు ఆయన తన పేరును చాలాసేపు చూసుకున్నాడు. అపార్ట్‌మెంట్‌లో అందరూ ఆయన్ను 'బహదూర్' అంటారు. అది ఆయన పేరు కాదు. ఆ పేరుతో పిలిస్తే ఇప్పటికీ నా ప్రాణం చివుక్కుమంటుంది.

2025 ఫిబ్రవరిలో మీసేవలో కొత్త కార్డుల దరఖాస్తులు తీసుకోవడం మొదలైంది. ఒక మనిషి రెండు కార్డుల్లో ఉండకూడదు కాబట్టి ముందు బాపు కార్డులోంచి నా పేరు తీయించాను. అక్కడ ఆరు కిలోలు తగ్గాయి, ఇక్కడ ఇంకా రాలేదు. ఆ నెలల్లోనే సన్నబియ్యం ఇవ్వడం మొదలుపెట్టారు. అందరూ సంచులతో వెళ్తుంటే నేను కొట్లో కిలో యాభై పైన పెట్టి కొన్నాను.

మే నెలలో స్టేటస్ చూస్తే తిరస్కరించారని ఉంది. ఆఫీసుకు వెళ్ళి అడిగాను. ఏ ఆఫీసో చెప్పను, అక్కడి సారు చెడ్డవాడేం కాదు, తలెత్తకుండా వంద ఫైళ్ళు చూస్తున్నాడు. "మీ ఆయన విదేశీయుడమ్మా. ఆయన పేరు ఎక్కించలేం" అన్నాడు. సరే సార్, ఆయనను తీసేయండి, నన్నూ పిల్లలనూ ఉంచండి అన్నాను. "భర్త ఉండగా భర్త లేకుండా ఫ్యామిలీ కార్డు ఎట్లిస్తాం?" అన్నాడు. ఉంటే ఒక తప్పు, తీస్తే ఇంకో తప్పు. నాకు నోట మాట రాలేదు.

బయట మెట్ల మీద కూర్చుంటే ఒకాయన వచ్చాడు. ఆఫీసు చుట్టూ తిరిగి పనులు చేయించేవాళ్ళుంటారు కదా, అలాంటివాడు. "చాలా ఈజీ అమ్మా. మొగుడు వదిలేసి నేపాల్ పోయిండని రాయి. కార్డు వస్తది, ఒంటరి మహిళ పింఛన్ 2,016 కూడా వస్తది. రెండు వేలియ్యి, నేనే చేయిస్తా." ఇంకో మాట కూడా చెప్పాడు. ఐదు వేలిస్తే మా ఆయనకు ఓటరు కార్డు చేయిస్తాడట.

రెండు వేల పింఛన్ అంటే నాకు పది రోజుల కుట్టు పని కన్నా ఎక్కువ. అబద్ధం చెప్పను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి ఆరింటికి ఆయన డ్యూటీ దిగి, పాల ప్యాకెట్టు తీసుకుని, పిల్లలు లేవకుండా చెప్పులు బయటే వదిలి లోపలికొచ్చాడు. ఈ మనిషి లేడని, నన్ను వదిలేశాడని నా చేత్తో ఎలా రాయను? రేపు పాప స్కూల్లో, బ్యాంకులో, అన్నిచోట్లా ఆ అబద్ధమే నడపాలి. ఓటరు కార్డు సంగతి అంతకన్నా ప్రమాదం. ఓటు పౌరులకే. పౌరుణ్ణని అబద్ధం చెప్పి తీసుకుంటే అది నేరం. రేపు నిజంగా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకునే రోజు అదే మెడకు చుట్టుకుంటుంది. మీ దగ్గరికీ ఎవడో ఒకడు వస్తాడు. దయచేసి వాడి మాట వినకండి.

నేను వెళ్ళింది న్యాయ సేవా అధికార సంస్థకు. పురానీ హవేలీలో, సిటీ సివిల్ కోర్టు దగ్గర. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్ళకు, పిల్లలకు అక్కడ ఉచితంగా న్యాయ సహాయం ఇస్తారు, ఆదాయంతో పని లేదు. ఇది నాకు ఇన్నేళ్ళూ తెలియదు. అక్కడి లాయరమ్మ నా కాగితాలన్నీ టేబుల్ మీద వరసగా పరచుకుని, నాకు అర్థమయ్యేదాకా చెప్పింది.

నేను విదేశీయుణ్ణి చేసుకున్నంత మాత్రాన నా పౌరసత్వం ఎక్కడికీ పోదు. పిల్లలు ఇక్కడే పుట్టారు, తల్లి భారత పౌరురాలు, తండ్రి అక్రమంగా వచ్చినవాడు కాదు. కాబట్టి 1955 పౌరసత్వ చట్టం మూడో సెక్షన్ ప్రకారం వాళ్ళు పుట్టుకతోనే భారత పౌరులు. ఇక మూడోది వినగానే నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. 2013 ఆహార భద్రతా చట్టం పదమూడో సెక్షన్ ప్రకారం, రేషన్ కార్డు వరకు ఇంటి పెద్ద అంటే ఆ ఇంట్లో 18 ఏళ్ళు నిండిన ఆడవాళ్ళలో పెద్దది. భర్త కాదు. "ఈ కార్డుకు యజమాని నువ్వేనమ్మా, మీ ఆయన కాదు" అంది. పన్నెండేళ్ళుగా చట్టంలో రాసి ఉన్న మాట, నేను ఆ రోజు విన్నాను.

ఇవన్నీ తెలుగులో ఒకటిన్నర పేజీ అర్జీగా రాసిచ్చింది. నేను ఒక్కటే చేర్చమన్నాను. ఆయన పేరు కార్డులో లేకపోయినా ఆయన జీతం ఆదాయంలో చూపించండి, ఏదీ దాచొద్దు అని. ఆ అర్జీ తీసుకుని శుక్రవారం పొద్దున బేగంపేట ప్రజాభవన్‌కు వెళ్ళాను. మంగళ, శుక్రవారాల్లో అక్కడ అర్జీలు తీసుకుంటారు. అప్పటికే పెద్ద లైను. ఆదిలాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి వచ్చిన ముసలాయన నా ముందున్నాడు, భూమి గొడవ. అర్జీ తీసుకుని నంబరిచ్చారు.

మూడు వారాలకు ఒక ఇన్‌స్పెక్టర్ ఇంటికి వచ్చింది. ఆడమనిషి. గదిలో ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు, మిషన్ మీద బట్టలు తీసి కూర్చోబెట్టాను. పెళ్ళి సర్టిఫికెట్, పిల్లల జనన ధ్రువపత్రాలు, ఆదాయ పత్రం, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు రాసిచ్చిన లెటర్ చూసింది. "మీ ఆయన ఎక్కడ?" అంది. రాత్రి డ్యూటీ చేసి నిద్రపోతున్నాడు మేడం అని పరదా పక్కకు జరిపాను. ఆమె చూసి, "లేపకండి" అని రాసుకుంది.

ఆగస్టులో కార్డు వచ్చింది. ఆ నెలదాకా బియ్యం జూన్‌లోనే మూడు నెలలవి ఒకేసారి ఇచ్చేశారు కాబట్టి మాకు మొదటి రేషన్ సెప్టెంబర్‌లో. రేషన్ షాపులో వేలిముద్రల మిషన్ మీద నా బొటనవేలు పడలేదు. ఇన్నేళ్ళ సూదిపోట్లకు వేలి కొన అరిగిపోయింది. డీలర్ "తుడిచి పెట్టమ్మా" అన్నాడు. కొంగుతో తుడిచి నాలుగోసారి పెడితే పచ్చ లైటు వెలిగింది. ముగ్గురు మనుషులు, పద్దెనిమిది కిలోలు. మా ఆయనే సంచి భుజాన వేసుకుని తెచ్చాడు.

ఆయన సంపాదన ఇంటి ఆదాయంలో లెక్కకు వచ్చింది, ఆయన తిండి లెక్కకు రాలేదు. ఇది నాకు ఇప్పటికీ న్యాయంగా అనిపించదు. పౌరుడు కానివాడికి ఇవ్వలేమంటే సరే, ఆ జీతంలోంచి ఆయన ఖర్చైనా తీసి చూడాలి కదా. ఆరోగ్యశ్రీ కూడా అంతే. పది లక్షల దాకా వైద్యం నాకు, పిల్లలకు. ఆయనకు మళ్ళీ గాంధీయే. అందుకే పౌరసత్వం గురించి ఇంట్లో మాట్లాడుకుంటున్నాం. భారత పౌరురాలిని చేసుకున్నవాళ్ళు ఇక్కడ ఏడేళ్ళు ఉన్నాక దరఖాస్తు పెట్టుకోవచ్చు. మాకు ఆ ఏడేళ్ళు ఎప్పుడో నిండాయి. కానీ నేపాల్ రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. ఇక్కడిది తీసుకుంటే అక్కడిది వదులుకోవాలి. వాళ్ళమ్మ ఇంకా ఉంది, కొంచెం భూమి ఉంది. నేను ఒత్తిడి చేయను. బియ్యం కోసం ఒక మనిషిని సొంత దేశం వదులుకోమని అడగలేను. ఆయనే ఆలోచించుకుని చెప్పాలి.

ఇప్పుడు నా టెన్షన్ పాప గురించి. మూడో తరగతి చదువుతోంది, ఐదుకు గురుకులం పరీక్ష రాయించాలని ఆశ. దానికి కులం సర్టిఫికెట్ కావాలి. మీసేవలో తండ్రి కులం అడిగారు. తండ్రి నేపాల్ అనగానే ఫైలు ఆగిపోయింది. నేను పద్మశాలి, పాప పుట్టి పెరిగింది మా అమ్మానాన్నల మధ్య, మా పండుగల్లో, మా బంధువుల్లో. లాయరమ్మను మళ్ళీ కలిశాను. కులాంతర వివాహాల్లో పిల్లలకు తండ్రి కులమే వస్తుందని గుడ్డిగా అనుకోకూడదని, ఎవరి మధ్య పెరిగారో చూడాలని 2012లో సుప్రీంకోర్టు చెప్పిందట. అది ఎస్సీ, ఎస్టీ పిల్లల కేసు, మనకు వర్తింపజేయమని అడుగుదాం అంది. బోరబండలో మా వాడకట్టు వాళ్ళ చేత, కుల సంఘం పెద్దల చేత రాయించాను. వచ్చే గురువారం విచారణకు రమ్మన్నారు. బాపు కులం సర్టిఫికెట్, నాది, పాప స్కూలు రికార్డు, అన్నీ రెండువైపులా జిరాక్స్ తీయించి కవర్లో పెట్టుకున్నాను.